మా వైపు చూడడానికేముంది?

డిసెంబరు సెలవుల్లో మా ఇంట్లో ఒక పరీక్ష జరిగింది. పరీక్ష పెట్టినది పన్నెండేళ్ళ పిల్ల. తప్పినది ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతూ, ఏటా వందల కొద్దీ పేపర్లు దిద్దుతూ వస్తున్న నేను.

ఆ పిల్ల నా మేనకోడలు. మా చెల్లెలూ బావగారూ చాలాకాలంగా కెనడాలో, సస్కాచెవాన్ అనే రాష్ట్రంలో, సస్కటూన్ అనే ఊళ్ళో ఉంటున్నారు. పిల్ల అక్కడే పుట్టింది. ఈసారి వస్తూ నాకొక బహుమానం తెచ్చింది. తమ రాష్ట్రంలో చూడదగ్గ స్థలాలన్నీ రంగుల బొమ్మలతో అచ్చువేసిన చిన్న పుస్తకమది. తెనాలిలో మా వసారాలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను నిలబడి, ఒక్కొక్క పేజీ తిప్పుతూ పాఠం చెప్పింది. నాకు విద్యార్థిగా కూర్చోవడం అలవాటు తప్పి చాలా ఏళ్ళయింది. మధ్యలో రెండుసార్లు కునుకు వచ్చిన మాట నిజం.

ఆ రాష్ట్రం మన ఆంధ్రప్రదేశ్‌కి నాలుగు రెట్లుంటుంది. జనం మాత్రం 2021 లెక్కల్లో 11 లక్షల 32 వేలు. మన పాత గుంటూరు జిల్లా ఒక్కదానిలోనే 2011 నాటికి 48 లక్షల పైచిలుకు మంది ఉన్నారంటే చూసుకోండి. ఆ రాష్ట్రానికి నదో కొండో సరిహద్దుగా లేదు. నాలుగు వైపులా హద్దులు పటం మీద గీసిన గీతలే. ఉత్తరాన అడవులూ సరస్సులూ ఉన్నా, దక్షిణమంతా చూపు ఆనినంత మేరా చదును నేల, గోధుమ చేలు. మా చెల్లెలు ఒక హాస్యం చెప్పింది. అక్కడివాళ్ళు తమ మీద తాము వేసుకునేదేనట. కుక్క ఇంట్లోంచి పారిపోతే మూడు రోజుల దాకా అది పరిగెత్తుతూ కనిపిస్తూనే ఉంటుందట!

“కొండ లేదు, సముద్రం లేదు. ఇంక చూడడానికేముందే అమ్మాయీ?” అన్నాను.

అనకుండా ఉంటే బాగుండేది. పిల్ల పుస్తకం మూసి, చూసుకోకుండానే అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఈస్టెండ్ అనే చిన్న ఊరి దగ్గర 1991లో ఆ ఊరి బడిపంతులొకాయన శాస్త్రజ్ఞులతో కలిసి తిరుగుతూ ఒక ఎముక, ఒక పన్ను చూశాడు. తవ్వి చూస్తే అది ప్రపంచంలోకెల్లా పెద్ద మాంసాహార రాక్షసిబల్లుల్లో ఒకటని తేలింది. మానిటూ సరస్సులో ఉప్పు ఎంత ఎక్కువంటే ఈతరానివాళ్ళు గూడా బెండులా తేలుతారు. మూస్ జా అనే ఊళ్ళో దారి పక్కన పెద్ద దుప్పి విగ్రహం ఉంది. నార్వేవాళ్ళు అంతకంటే రవ్వంత ఎత్తయిన దుప్పిని నిలబెట్టారని తెలిసి, 2019లో ఆ ఊరివాళ్ళు తమ దుప్పికి పాత కొమ్ములు తీసేసి పెద్ద కొమ్ములు పెట్టించి మళ్ళీ గెలిచారు. పక్కింటివాడు మేడ కడితే మన మేడ మీద ఇంకో వరస ఇటుకలు వేయించే బుద్ధి మనకొక్కరికే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ.

అన్నిటికంటే దానికి నచ్చింది వాళ్ళ ఊరి పక్కనే ఉన్న వానస్కేవిన్ అనే చోటు. తెల్లవాళ్ళు రాకముందు వేల ఏళ్ళుగా అక్కడి ఆదివాసులు ఏటి ఒడ్డున మకాం వేసి అడవిదున్నలను వేటాడిన స్థలం. ఆ దున్నలు ఒకనాడు లక్షల సంఖ్యలో చచ్చిపోయి, ఆ నేల మీద లేకుండా పోయాయి. 2019లో కొన్నిటిని తెచ్చి మళ్ళీ వదిలారు. మరుసటి ఏడు ఆ దున్నలు అలవాటు చొప్పున దుమ్ములో పొర్లాడాయి. పొర్లిన చోట మన్ను లేచిపోయి, కింద చెక్కుడు గీతలున్న రాయి బయటపడింది. పూర్వులు చెక్కిన రాళ్ళు అల్లా నాలుగు దొరికాయి.

“దున్నపోతులు కనిపెట్టాయి మావయ్యా!” అని ముగించి, “ఇప్పుడు మీ పుస్తకం ఏదీ?” అంది.

“మా పుస్తకమేమిటి?”

“మీ ఊళ్ళో చూడవలసినవి. తెనాలి, బాపట్ల, రేపల్లె. అమ్మ ఎప్పుడూ ఈ మూడు పేర్లే చెబుతుంది.”

మా ఇంట్లో వెయ్యి పుస్తకాల దాకా ఉన్నాయి. ఆ పుస్తకం లేదు. “మా వైపు చూడడానికేముందమ్మా, అంతా పొలాలూ కాలవలూ” అన్నాను. ఆ పిల్ల నా వంక చూసిన చూపు నేనిప్పట్లో మరిచిపోను. ఇందాక వాళ్ళ రాష్ట్రాన్ని గురించి అన్న మాటనే మా ఊరి మీద మళ్ళీ అన్నానని నాకు అప్పటికి గాని తట్టలేదు.

సరే, మూడు రోజులు తిరగడానికి నిశ్చయించుకున్నాం.

తెనాలి పని సగం రోజులో తేలిపోయింది. ఉన్న ఊరు గనక నాకు తొందర ఎక్కువ, ఓపిక తక్కువ. ఊరి మధ్య నుంచీ పారే మూడు కాలవలను బట్టి దీన్ని ఆంధ్రా ప్యారిస్ అన్నారని చెప్పాను. పిల్ల కాలవలోకి తొంగిచూసి మర్యాదగా ఊరుకుంది. పాత ఇనుము, నట్లు, బోల్టులు కలిపి అతికి నిలువెత్తు బొమ్మలు చేసే మా ఊరి శిల్పుల దగ్గరికి తీసుకుపోతే మాత్రం గంటసేపు కదల్లేదు. వాళ్ళ దుప్పికి కొమ్ములు ఇక్కడ చేయించవలసిందని మా బావగారన్నారు.

రణరంగ చౌకు దగ్గర ఆగాం. నేను రోజూ కాలేజీకి పోయే దారి అదే. పిల్ల అక్కడున్న స్తూపాలు లెక్కపెట్టి ఏడన్నది. ఎందుకు ఏడు? 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా పిలుపు వచ్చిన నాలుగో రోజున, ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. రైలుస్టేషను తగలబడింది. పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. మనిషికొక స్తూపం. ఇదంతా చెప్పాను. “వాళ్ళ పేర్లేమిటి మావయ్యా?” అని అడిగింది. ఏడు పేర్లలో నాకు నోటికి వచ్చినవి రెండు. ఆ రెండూ చెప్పి, మిగతావి దగ్గరికి పోయి చదువుకోమన్నాను. పరీక్షలో అది రెండో తప్పు.

మర్నాడు బాపట్ల. పొన్నూరు మీదుగా వెళ్ళాం. అక్కడి సాక్షి భావనారాయణస్వామినీ, ఆంజనేయుణ్ణీ గరుత్మంతుణ్ణీ చూశాం. బాపట్లలోనూ స్వామి భావనారాయణుడే. భావపురి అన్న పేరే నోళ్ళల్లో నలిగి బాపట్ల అయింది. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ ఊళ్ళోనే. తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం కావాలన్న మాటను పదిమంది కూర్చుని చర్చించిన మొదటి పెద్ద సభ అది. ఆ కోరిక తీరడానికి నలభై ఏళ్ళు పట్టింది. పన్నెండేళ్ళ పిల్లకు ఇది రుచించదని తెలిసీ చెప్పాను. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవాడికి ఆ మాత్రం స్వాతంత్ర్యం ఉండాలి.

అక్కడినుంచీ సూర్యలంక. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లు. ఇసుక వెడల్పుగా, చదునుగా, తడి తళతళలాడుతూ ఉంటుంది. సముద్రం వైపు చూస్తూ పిల్ల, “మా గోధుమ చేలు ఇల్లాగే ఉంటాయి, గాలి వస్తే” అంది. దాని ప్రయాణం మొత్తంలో మన నేలను తన నేలతో పోల్చి మెచ్చుకున్న మొదటి మాట అది. నాకు పట్టరాని సంతోషమయింది. ఇల్లాంటి చోటికి వెళ్ళేవారికి ఒక్క హెచ్చరిక. అలలు చూడడానికి మెత్తగా కనిపిస్తాయి. సెలవు రోజున వచ్చిన గుంపులో ఈతరాని కుర్రాళ్ళు లోపలికి పోతూంటారు. పిల్లల చెయ్యి వదలకండి.

ఆ రోజు మా అమ్మ రాలేదు. సముద్రం దగ్గరికి ఆవిడ రాదు. అది తరవాత చెబుతాను.

మూడో రోజు రేపల్లె బండి ఎక్కాం. తెనాలి నుంచి రేపల్లెకు 34 కిలోమీటర్ల లైను, 1916లో వేసింది. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన, రేపల్లె. ఈ పేర్లు నాకు ఎక్కాల్లా వచ్చు. మా మేనత్త రేపల్లెలో ఉండేది. చిన్నప్పుడు ప్రతి సెలవుకీ ఈ బండిలోనే పోయేవాళ్ళం. వరి కోతలయిపోయి పొలాల్లో కుప్పలు వేసి ఉన్నాయి. మినుము మొలకెత్తి మళ్ళు లేతపచ్చగా ఉన్నాయి. కిటికీ దగ్గర పిల్ల, పిల్ల పక్కన మా అమ్మ.

“భట్టిప్రోలులో దిగుదాం” అన్నాను.

“అక్కడేముంది అన్నయ్యా?” అంది మా చెల్లెలు.

ఇక్కడ చదువరులకు ఒక సంగతి ఒప్పుకోవాలి. భట్టిప్రోలు శాసనాలు అనే పాఠం నేను ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. నల్లబల్ల మీద ఆ లిపి గీసి చూపిస్తాను. పరీక్షలో ప్రశ్న ఇస్తాను. ఆ స్టేషను మీదుగా నా జీవితంలో ఎన్ని వందల సార్లు పోయానో లెక్క లేదు. బండి ఆగుతుంది, జామకాయల వాళ్ళు ఎక్కుతారు, బండి కదులుతుంది. ఒక్కసారైనా దిగలేదు. ఇదే తొలిసారి.

ఊళ్ళో అడిగితే దారి వెంటనే చూపించారు. ఆ దిబ్బకు ఊరివాళ్ళు పెట్టిన పేరు మాత్రం ఆడపిల్లల ఎదుట పలకదగ్గది కాదు గనక స్తూపమనే అడిగాను. కేంద్ర పురావస్తు శాఖవారి రక్షణలో ఉంది. కంచె, గేటు, లోపల గడ్డి, గుండ్రంగా పెద్ద ఇటుకల కట్టడం. మా అమ్మ గేటు దగ్గర చెట్టు నీడన కూర్చుంది. మేం చుట్టూ తిరిగాం. ఇటుకలు మన ఇటుకల్లా లేవు. ఒక్కొక్కటి రెండు చేతులతో ఎత్తవలసినంత ఉంది. గుమ్మటం లేదు, చలవరాళ్ళు లేవు, బొమ్మలు లేవు.

ఏమయ్యాయంటే, రోడ్డుకీ కాలవ పనికీ పోయాయి. కృష్ణ మీద 1855లో ఆనకట్ట అయిన తరవాత డెల్టా అంతటా కాలవలూ లాకులూ రోడ్లూ వేశారు. ఈ చదునునేలలో రాయి దొరకదు. ఎదురుగుండా ఇటుకల కొండ, చలవరాళ్ళ గుట్ట. పగలగొట్టి పట్టుకుపోయారు. ఈ రోజు మనం తినే అన్నంలో ఆ కాలవ నీళ్ళున్నాయి గనక ఆ ఇంజనీర్లను తిట్టడానికి గూడా నాకు నోరు పూర్తిగా రాదు. పోగా మిగిలినదాన్ని 1892లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి తవ్వించాడు. స్తూపం నడిమధ్యన లోపల మూడు రాతి పెట్టెలు దొరికాయి. వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు, పూసలు, బుద్ధుడివని పూజించిన ధాతువులు. పెట్టెల మూతల మీదా అంచుల మీదా అక్షరాలు. వాటిని బ్యూలర్ అనే జర్మను పండితుడు చదివి 1894లో ప్రచురించాడు. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దమో రెండో శతాబ్దమో నాటివి. తెలుగునేల మీద దొరికిన పాత రాతల్లో ఇంతకంటే ముఖ్యమైనవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

“పెట్టెలేవీ?” అంది పిల్ల.

“మద్రాసు మ్యూజియంకి వెళ్ళాయి.”

“లోపలున్న బుద్ధుడి ధాతువులు?”

“కలకత్తాలో ఉన్నాయి. మహాబోధి సొసైటీవారికి ఇచ్చారు. వాళ్ళు ధర్మరాజిక విహారమని కట్టి 1920లో అందులో ఉంచారు.”

“చలవరాళ్ళు?”

“చెప్పాగా, రోడ్డులో.”

“అయితే ఇక్కడ...” అని ఆగిపోయింది. దానికి తెలుగులో మాట దొరక్క ఆగిందో, మావయ్య మొహం చూసి ఆగిందో తెలీదు.

అప్పుడు పాఠం చెప్పాను. ఇరవై ఏళ్ళుగా చెప్పిన పాఠమే. మొదటి పెట్టె మీద ఏముందో చెప్పాను. భాష ప్రాకృతం. ఈ పెట్టెనూ స్ఫటికపు భరిణెనూ బుద్ధుడి ధాతువులను ఉంచడానికి చేయించినవారు కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. తండ్రి పేరు లేదు. తల్లి పేరు లేదు. రెండువేల సంవత్సరాలకు పైగా నిలిచే రాతి మీద గూడా వాళ్ళు ఫలానా అబ్బాయి నాన్న, ఫలానా అబ్బాయి అమ్మ అనే రాయించుకున్నారు. మా ఆవిడ నన్ను ఈనాటికీ పేరు పెట్టి పిలవదు. “మావాడి నాన్న” అనే పక్కింటివాళ్ళతో చెబుతుంది. ఈ పోలిక తరగతిలో నాకెన్నడూ తట్టలేదు. ఆ ఇటుకల మీద నిలబడితే తట్టింది.

పిల్ల వెంటనే గేటు దగ్గరికి పరుగెత్తి అమ్మమ్మకు చెప్పింది. మా అమ్మ శ్రద్ధగా విని, “పాపం, ఆ కురుడి తల్లిదండ్రులది ఏ ఊరే? ఈ ఊరేనా, వేమూరు వైపా?” అని అడిగింది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. మా చెల్లెలు ఆ పిల్లకు ఇంట్లో తెలుగు అక్షరాలు నేర్పుతోంది. పిల్లకు తలకట్టు మీద కోపం. క అని రాయడానికి కింద రాసింది చాలదా, నెత్తిన ఆ గీత ఎందుకని రోజూ పేచీ. నేను పుల్ల తీసుకుని మట్టిలో గీశాను. అశోకుడి శాసనాల లిపిలో క అంటే కూడిక గుర్తు. అందులో అకారం కలిసే ఉంటుంది, వేరే గుర్తు లేదు. దానికి పక్కన చిన్న అడ్డగీత పెడితే కా. భట్టిప్రోలులో రాసినవాళ్ళు అల్లా ఒప్పుకోలేదు. అదే అడ్డగీతను హ్రస్వమైన అకారానికి వాడారు. దీర్ఘం కావాలంటే ఆ గీతకు మరో చిన్న గీత తగిలించారు. అంటే, ఒట్టి హల్లు వేరు, అందులో పలికే అ వేరు, ఆ అ గూడా కంటికి కనిపించాలని ఎవరో ఈ పొలాల మధ్య కూర్చుని ఆలోచించారు. ఆ అడ్డగీతే ఈ తలకట్టు అని నేను చెప్పడం లేదు. మన తలకట్టు పుట్టిన దారి వేరు. కాని ఆలోచనలో పోలిక ఉంది. పిల్ల పుల్ల నా చేతిలోంచి తీసుకుని మట్టిలో కుబిరక అని రాసింది. పెట్టెల మీద కనిపించే రాజు పేరు అది. చివరి ‘క’కు తలకట్టు కాస్త పెద్దదే పెట్టింది.

రేపల్లె దారిలో ఆటో అతను కొల్లూరు పేరెత్తి, కోహినూరు దొరికింది అక్కడేనని పిల్లకు చెప్పాడు. కాదనవలసి వచ్చింది. వజ్రాల గనుల కొల్లూరు వేరు. అది పల్నాడులో, కృష్ణకు ఎగువన. ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. నిజాంపట్నం వెళ్ళడానికి వేళ చాలలేదు. 1611లో ఇంగ్లీషు కంపెనీవారి గ్లోబ్ అనే ఓడ వచ్చి, ఈ తీరాన వాళ్ళు మొట్టమొదట వర్తకపు కొట్టు పెట్టుకున్న చోట్లలో అదొకటి. అప్పటికే అక్కడ డచ్చివాళ్ళున్నారు. వచ్చేసారి చూపిస్తానని మాటిచ్చాను.

పెనుమూడి రేవుకు చేరేసరికి పొద్దు వాలింది. కృష్ణ అక్కడ వెడల్పుగా, సముద్రానికి దగ్గరవుతూ నిదానంగా ఉంటుంది. ఇప్పుడు పులిగడ్డకు వారధి ఉంది, బస్సులో అయిదు నిమిషాల్లో ఆవలి ఒడ్డు చేరవచ్చు. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామిని చూసి రావచ్చు. మా అమ్మ వారధి వంక చూడలేదు. కిందికి, పాత రేవు వైపుకి చూసింది.

ఆవిడ పుట్టిల్లు దివిసీమ. పెళ్ళయి పంటు మీద ఈ రేవులో దిగింది. మేళగాళ్ళు, సారె బుట్టలు, రెండు దూడలు, అందరూ ఒకే పంటు మీద. కాపురానికి వచ్చిన రెండో ఏడు 1977. నవంబరు 19న ఉప్పెన. వేలాదిమందిని సముద్రం ఊళ్ళతో సహా తీసుకుపోయింది. వారం తరవాత పంటు నడిస్తే మా నాన్న ఒక్కడే వెళ్ళివచ్చాడు. ఏం చూశాడో ఆవిడకు పూర్తిగా చెప్పలేదు. ఆవిడా అడగలేదు. మాకు గూడా ఇన్నాళ్ళూ ఇంతవరకే తెలుసు. ఆ సాయంత్రం మాత్రం, మనవరాలు పక్కన కూర్చుని అడిగిందే అడుగుతూంటే, తనవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. తొమ్మిది పేర్లు. అందులో నాలుగు నేను మొదటిసారి విన్నాను. ఒకటి, ఇంకా పేరు పెట్టని పసిబిడ్డ గనక, “చిన్నన్న కొడుకు” అని మాత్రమే చెప్పింది.

మా చెల్లెలు నది వంక తిరిగి నిలబడింది.

తిరుగు బండిలో పిల్ల తన రంగుల పుస్తకం తీసి, చివర ఖాళీగా ఉన్న అట్టలోపలి కాగితం మీద తెలుగులో రాయడం మొదలుపెట్టింది. ఇనప బొమ్మలు. ఏడు స్తూపాలు. సూర్యలంక. భట్టిప్రోలు, పక్కన చిన్న అక్షరాలతో కురుని అమ్మ, నాన్న. తరవాత కలం ఆపి, “మావయ్యా, పెనుమూడిలో దేనికి తలకట్టు ఉంటుంది?” అని అడిగింది.

“నుకి, మూకి ఉంటుంది. పెకి, డికి ఉండదు” అన్నాను.

బండి కుదుపుకి అక్షరాలు వంకరపోయాయి. తలకట్లు మాత్రం రెండూ సరిగ్గా పెట్టింది.